మూరెడు ఖాళీ

"అమ్మా, సుద్దగీత మీద నిలబడమంటే మళ్ళీ యాడికి జరుగుతావు?"

కేశవన్ కెమెరా వెనక నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి అరిచాడు. గుడియాత్తంలో వాళ్ళ ఇంటి వాకిట్లో, కూతురు పుష్పవల్లి పక్కన నిలబడ్డ వాసవాంబ ఈసారి కూడా మూరెడు దూరం జరిగిపోయింది.

"ఈ పెట్టె పేలదు గదా నాయనా?"

"పేలితే ముందు పొయ్యేది నేనే."

"ఛీ! ఏం మాటలురా అవి? నోరు కడుక్కోపో."

పుష్పవల్లి నవ్వింది. సాయంత్రం బస్సుకు ఆమె చిత్తూరులో అత్తగారింటికి వెళ్ళిపోతుంది. "అది ఇప్పుడు ఆంధ్రా అయిపోయె, మనమేమో మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోతిమి. రేపు నడుమ గేటు ఏసేస్తే నా బిడ్డను చూసేదెట్లా?" అని వాసవాంబ పొద్దుటినుంచి పదిసార్లు అంది. భర్త పోయినప్పటినుంచి ఆమెకు అన్నిటికీ భయమే.

కేశవన్ దగ్గర ఫోటో తీసే గాజు ప్లేటు ఒక్కటే మిగిలింది. వేలూరులో అతనికి ఫోటోలు తీయడం నేర్పే అరుణాచలం, మొన్న అతని పటాలన్నీ బల్ల మీద పరిచాడు. తిరువలం గుడి ముందు, లత్తేరి స్టేషన్లో, పుష్పవల్లి పెండ్లి పందిట్లో... ఎందులో చూసినా తల్లి ఒక చివర. ఆమెకూ తక్కినవాళ్ళకూ మధ్య ఖాళీ. ఆ ఖాళీలన్నిటికీ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టాడు.

"మనుషుల్ని కలిపి నిలబెట్టడం రానివాడికి కెమెరా ఎందుకప్పా? ఈ వారంలో ఒక్క పటం సరిగ్గా తీసుకురా. లేదంటే రావద్దు."

ఆ రాత్రి వేలూరు అద్దెగదిలో కేశవన్ ఒక్కడే ఆ పటాలను ముందేసుకుని కూర్చున్నాడు. తను నిలబడ్డ చోటు తప్పా? కెమెరా ఇంకాస్త పక్కకు తిప్పాల్సిందా? ఎటు తిప్పినా ఆ చివర ఆమె ఒంటరే. పక్కన నిలబడాల్సిన కొడుకేమో ప్రతిసారీ నల్లగుడ్డ కింద.

"ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని భయమా అమ్మా?" వాకిట్లో కేశవన్ మళ్ళీ అడిగాడు.

"నా ఆయుస్సు ఎవురికి కావాలప్పా!"

"అయితే అక్క భుజం మీద చెయ్యెయ్యి."

ఆమె చెయ్యి లేచింది. మళ్ళీ కొంగులోకి పోయింది.

"అక్కా, నేనిచ్చిన పెండ్లి పటం మీ ఇంట్లో తగిలించినారా?"

"తగిలించినారు." పుష్పవల్లి తల వంచుకుంది. "ఫ్రేము చిన్నదని ఒక పక్క కొంచెం కోసినారు."

"కోసినారా! నాకు చెప్పి ఉంటే సరిపడా ప్రింటు వేసిచ్చేవాణ్ణి గదా? పటం చెడిపోదా?"

"ఏం చెడిపోలేదులే. నేను చూసినాను," అంది వాసవాంబ.

కేశవన్ వచ్చి తల్లి చేతిని తనే అక్క భుజం మీద పెట్టాడు. వెనక్కి వెళ్ళి గుడ్డ కింద చూశాడు. కెమెరా అద్దంలో తలకిందులుగా ఇద్దరూ ఒకరికొకరు ఆనుకుని ఉన్నారు. ఎక్కడా ఖాళీ లేదు. గుండె నిండింది. ప్లేటు పెట్టి బయటికొచ్చాడు.

"కదలొద్దు!"

ఫోటో తీయడానికి కెమెరాకున్న రబ్బరు బుడ్డి నొక్కే క్షణంలో వాసవాంబ చెయ్యి లాక్కుని పక్కకు జరిగింది. క్లిక్‌మంది.

"ఎందుకమ్మా ఇట్లా చేసినావు? ఉండింది ఆ ఒక్క ప్లేటే!"

వాసవాంబ బోసినుదుటి మీద చెమట కొంగుతో తుడుచుకుంది.

"కోపం చేసుకోవద్దు నాయనా. ఈ పటం కూడా వాళ్ళింటి గోడకే గదా పోతాది? నా చెయ్యి దాని భుజం మీద ఉంటే, ఈసారి వాళ్ళు కత్తెర యాడ పెడతారు?"