వాగు పక్క ప్లాటు

"అయితే ఈ పై ప్లాటు వద్దంటావా అమ్మా?" గుట్ట ఎక్కిన ఆయాసంతోనే అడిగాడు అనంతరామయ్య.

రిటైరయ్యాక ఢిల్లీ ఆర్.కె. పురంలో కొడుకు క్వార్టర్లో సర్దుకుంటున్నాడాయన. దాచుకున్నదంతా పెట్టి సొంతిల్లు కట్టుకోవాలని, గుర్‌గావ్ అవతల జాగా చూడ్డానికి పొరుగింటి అరుంధతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె కాలేజీలో జాగ్రఫీ చెబుతుంది. మిగిలినవి రెండే ప్లాట్లు. ఒకటి గుట్ట మీద, ఒకటి కింద వాగు పక్కన.

"ఇళ్ల సంగతి నాకేం తెలుసంకుల్? నాకు తెలిసింది పాఠమే."

"ఆ పాఠమే చెప్పు."

"అమెరికాలో ఎత్తైన మైదానాలున్నాయి. కనుచూపు మేరా గడ్డే. అయినా పశువుల్ని మేపేవాళ్లు మిట్ట మీద ఉండలేదు. పల్లంలో, వాగు పక్కన ఇళ్లు వేసుకున్నారు. చలిగాలి కొట్టదు, మందకి నీళ్లుంటాయి. వాగు చేతిలో ఉంటే చుట్టూ ఉన్న మిట్టంతా కొనకుండానే వాళ్లది. నీళ్లు లేని చోటికి ఇంకెవరొస్తారు?"

గుట్ట మీద వాళ్లంతా బిందెలతో తన గేటు ముందు నిలబడ్డట్టు ఊహించుకున్నాడో ఏమో, ఆయన మొహం వెలిగిపోయింది. "ఠీక్ హై! కిందిదే ఖాయం."

"అక్కడ వానలు తక్కువంకుల్. ఇక్కడ..."

ఆయన అప్పటికే ఏజెంటు దగ్గరికి దిగిపోతున్నాడు.

ఇల్లు లేచింది. గృహప్రవేశం నాడు "ఈ జాగా మా అరుంధతి చలవే" అని అందరికీ చెప్పాడాయన. ఆమె మురిసిపోయింది.

శ్రావణంలో వాగు పొంగింది. కిటికీల దాకా నీళ్లు. అనంతరామయ్య దంపతులు పడవ మీద బయటపడి మళ్లీ కొడుకు క్వార్టర్ చేరారు. అరుంధతికి ముద్ద దిగలేదు. ఆ పెద్దాయన కష్టార్జితాన్ని తన పాఠమే ముంచేసింది. ఆయనకి ఎదురుపడలేక దారి మార్చి తిరిగింది.

చివరికి ఆయనే వచ్చి తలుపు తట్టాడు.

"నన్ను క్షమించండంకుల్."

"ఎందుకు? నువ్వు చెప్పింది అక్షరాలా జరిగింది."

"ఎగతాళి చెయ్యకండి. ఇల్లు పాడుబడిపోయిందటగా?"

"ఎవరన్నారు? నీళ్లు కాస్త తగ్గగానే వచ్చి దిగారు. పిల్లాపాపలతో సహా."

"ఆ బురదలోకా!"

"బురదని ఒక్కరూ విసుక్కోలేదు. హాల్లో కొందరు, వరండాలో కొందరు. పెరట్లో మడుగు దగ్గరైతే పొద్దస్తమానం మకామే. నేనెళ్లి బతిమాలినా కదల్లేదు. అంత నచ్చింది వాళ్లకి."

అరుంధతి గుండె తేలికపడింది. "ఎవరంకుల్ వాళ్లు?"

"గేదెలమ్మా."