మూడు మూటల మట్టి

“ఈ మూడింట్లో మా ఆయన ఎందులో ఉన్నాడో చెప్పండి బాబుగారూ,” అంటూ తెరేసమ్మ మూడు మట్టి మూటలు బల్ల మీద పెట్టింది.

సంజీవరావు రాస్తున్న కలం ఆగిపోయింది. గవర్నర్‌పేటలోని ఆ మట్టి పరీక్షల ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. పొలంలో ఉప్పు ఎంతుందని అడిగినవాళ్ళున్నారు, ఏ ఎరువు వెయ్యాలని అడిగినవాళ్ళున్నారు. మనిషిని వెతికిపెట్టమని అడిగినవాళ్ళు లేరు.

“ఎక్కడి మట్టమ్మా ఇది?”

“దివిసీమదండీ. పోయినేడు ఉప్పెనకి మా ఊళ్ళో పోయినోళ్ళందరినీ మూడు గోతుల్లో పూడ్చారు. నేనప్పుడు ఆస్పత్రిలో ఉన్నాను, ఒంటి మీద తెలివి లేదు. ఏ గోతిలో ఎవరున్నారో చెప్పేవాళ్ళే లేరు. అందుకని గోతికో మూట కట్టుకొచ్చాను.”

“ఇది పొలం మట్టి చూసే ఆఫీసమ్మా. మనుషుల సంగతి ఇక్కడ తెలియదు.”

“మీరే చెప్పారుగా.” ఆవిడ గొంతు పెంచలేదు. “జీపులో మా ఊరొచ్చి మైకులో చెప్పారు. మట్టిలో ఏది కలిసినా మా దగ్గర దాగదు, గుప్పెడు తెచ్చివ్వండి చాలన్నారు. నేను ముందు వరసలోనే కూచున్నాను.”

అన్న మాట నిజమే. ఉప్పు తేలిన పొలాలు మళ్ళీ పండుతాయని రైతులకి ధైర్యం చెప్పడానికి వెళ్ళి, జనం చప్పట్లు కొట్టేసరికి రెండు మాటలు ఎక్కువే అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

“ఏడాది ఊరుకుని ఇప్పుడెందుకమ్మా?”

“ఈ గురువారం సమాధుల పండగండీ. ఎవరి వాళ్ళ సమాధి మీద వాళ్ళు కొవ్వొత్తి వెలిగిస్తారు. మూడు గోతుల దగ్గరా మూడు వెలిగించమన్నారు ఫాదర్‌గారు. వెలిగిస్తానండీ, దానికేం. కానీ ఆయనతో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే ఎటు తిరిగి చెప్పుకోను?”

సంజీవరావు ఆవిడకి నచ్చజెప్పి బయటికి పంపమని బంట్రోతు శౌరయ్యకి సైగ చేశాడు. శౌరయ్య ఆ ఆఫీసుకి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది. మాట తక్కువ మనిషి. ఆవిడని పంపడానికి బదులు మూటలు విప్పాడు. మట్టి నూరి, జల్లెడ పట్టి, మూడు కాగితాల మీద పోసి తెచ్చాడు.

“ఓసారి చూడండి సార్. పోయేదేముంది?”

చిరాకు పడుతూనే సంజీవరావు లేచాడు. మట్టిలో మందునీళ్ళు కలిపి, వడకట్టి, మూడు గాజు గొట్టాల్లో పోశాడు. భాస్వరం ఉంటే నీలం రంగు తేలుతుంది. మనిషి ఎముకల్లో ఉండేదీ భాస్వరమే, బస్తాల్లో వచ్చే ఎరువులో ఉండేదీ భాస్వరమే. ఆ నీలానికి ఆ తేడా కూడా తెలియదు.

తెరేసమ్మ నేల మీద కూర్చుని కళ్ళార్పకుండా చూసింది. మూడు గొట్టాలూ నీలంగా మారాయి. శౌరయ్య వాటిని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. మూడూ ఒకటే నీలం.

“తేడా ఏమీ లేదమ్మా,” అన్నాడు సంజీవరావు. “మనిషికీ మనిషికీ తేడా ఈ పరీక్షలో తెలియదు.”

ఆవిడ ఏడవలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచింది.

“అయితే మూడు మూటలూ ఒళ్ళో కట్టుకుని కృష్ణలో దిగుతానండీ,” అంది, బస్సుకి టైమైంది అన్నంత మామూలుగా.

ఆవిడ బెదిరించడం లేదు. సంజీవరావు గబుక్కున చెయ్యి చాపి మధ్య గొట్టం పట్టుకున్నాడు.

“ఆగమ్మా. నేను సరిగా చూడలేదు. ఇదిగో, ఇందులో నీలం చిక్కగా ఉంది. మీ ఆయన ఈ గోతిలోనే ఉన్నాడు.”

“నిజమేనా బాబూ?”

“పరీక్ష అబద్ధం చెప్పదు.”

తెరేసమ్మ మధ్య మూటని గుండెలకి హత్తుకుంది. అప్పుడు ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ ఆ గాజు గొట్టానికి కూడా దండం పెట్టింది. సంజీవరావు శౌరయ్య మొహం చూడలేకపోయాడు. శౌరయ్య గొట్టాలు కడిగి బోర్లించాడు.

మర్నాడు శౌరయ్య సెలవు పెట్టాడు.

ఆ మర్నాడు, బుధవారం పొద్దున, సంజీవరావు వచ్చేసరికి ఆఫీసు గేటు దగ్గర్నించి రోడ్డు మలుపు దాకా జనం బారులు తీరి ఉన్నారు. దివిసీమ నుంచి తొలి బస్సుల్లో వచ్చినవాళ్ళు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, నలభై మంది పైనే. అందరి చేతుల్లోనూ మట్టి మూటలు, ఒక్కొక్కరికి మూడేసి. ఎవరూ తోసుకోవడం లేదు. రేపు సాయంత్రం లోగా తెలిస్తే చాలన్నట్టు ఓపిగ్గా నిలబడ్డారు.

వాళ్ళలో ఒక్కరికి నిజం చెప్పినా తెరేసమ్మకి తెలిసిపోతుంది. అందరికీ అబద్ధం చెప్పడం తన వల్ల అయ్యే పని కాదు. సంజీవరావు శౌరయ్య కోసం చూశాడు. గుమ్మం దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. శౌరయ్య ఆ వరసలో చిట్టచివర, ఖాకీ చొక్కాలోనే నిలబడి ఉన్నాడు.

సంజీవరావు గబగబా అతని దగ్గరికి నడిచి, పక్కకి లాగి, గొంతు తగ్గించాడు.

“ఇక్కడేం చేస్తున్నావయ్యా? నువ్వైనా వీళ్ళకి ఎలాగో నచ్చజెప్పి పంపు. ఆ నీలంలో ఏమీ తెలియదని నీకు తెలుసు. ఆవిడ ప్రాణం పోతుందని అబద్ధమాడాను. నీ కళ్ళ ముందేగా జరిగింది.”

“నా కళ్ళ ముందే సార్.” శౌరయ్య భుజం మీది తువ్వాలు తీసి విప్పాడు. లోపల మూడు చిన్న మూటలున్నాయి. “మా అమ్మాయిని ఆ ఊరే ఇచ్చాం సార్. అబద్ధమని తెలుసు. నాక్కూడా ఒకటి చెప్పండి.”