కుడితి తొట్టిలో లాంతరు

వెలుగుతున్న లాంతరును భీమప్ప చేతిలోంచి లాక్కుని, ఆ ముసలాయన కుడితి తొట్టిలో ముంచేశాడు.

వేడి గాజు టప్పున పగిలింది.

దేవేంద్రప్ప పెరట్లో నిలబడ్డ పదిమందీ తొట్టి వైపు తిరిగారు.

హొళగుంద దారిలో చిన్న ఊరు. ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. ఆ పెరట్లో గోబర్ గ్యాస్ గుంత ఉంది. నాలుగిళ్ల పేడ అందులో పడుతుంది, నాలుగిళ్ల పొయ్యిలు దానితో మండుతాయి. నెల రోజులుగా మంట గోరంత అయిపోయింది. ఆడవాళ్లు మళ్లీ పత్తికట్టె పొగలో కళ్లు నలుపుకుంటున్నారు. అడుగున మడ్డి గట్టిపడింది, మనిషి దిగి తోడాలి.

దిగడానికి కూలి రంగన్న ఒప్పుకున్నాడు. అప్పటికే నడుముకు మోకు కట్టుకున్నాడు. వాడి పెళ్లాం శాంతమ్మ గోడకు ఆనుకుని ఆ మోకు ముడినే చూస్తోంది.

ఆ వైపు ఊళ్లలో జొన్నలు దాచిన పాతర తెరిస్తే, ముందు లాంతరు దించుతారు. లోపల అది మండుతుంటే మనిషి దిగవచ్చు. ఆరిపోతే దిగకూడదు. తాతల నాటి పద్ధతి. ఆ ఊళ్లో ఆ పనికి పెద్ద భీమప్ప. ఇదీ గుంతే కదా అని లాంతరు వెలిగించాడు.

ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. మూడు రోజుల కింద ఆదోని బస్సు దిగాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని టీ బంకు దగ్గర కూర్చుంటాడు. గ్యాసు గుంత ఎప్పుడు తెరుస్తారని కనబడినవాళ్లనల్లా అడుగుతాడు. పిచ్చి సాయిబు అని ఊరు పేరు పెట్టేసింది. పేరు పెట్టడానికి ఊరికి ఎంతసేపు.

"నేను దిగేటప్పుడే దీపం ఆర్పుతావా?" రంగన్న మీదికొచ్చాడు. "నా పెండ్లాం ఈడనే ఉండాది, కనపడలేదా నీకు?"

"దీపం దించొద్దప్పా."

"ఏం, ఎందుకు?"

"పొయ్యిలో అంటుకునేది గుంతలో అంటుకోదా?"

మూత తీసి రెండు గంటలైందనీ, గ్యాసంతా ఎప్పుడో గాలిలో కలిసిపోయిందనీ దేవేంద్రప్ప అన్నాడు. భీమప్పకు మాత్రం అవమానం నెత్తికెక్కింది.

"ఆదోని హబీబుల్లా సాయిబు పేరు ఇన్యావా? పాతర్లు తీసే హబీబుల్లా. ముప్పై ఏండ్ల కింద ఆయన పక్కన నిలబడి నేర్సుకున్న పని ఇది. నూరు పాతర్లు తీసినాడు, ఒక్క పానం పోలేదు. ఆయన కంటే నీకు ఎక్కువ తెల్సునా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"ఆయనకు ఏమీ తెల్దు," అన్నాడు.

రంగన్న మోకు కొసతో ఒక్కటి వేశాడు. పెద్దమనిషిని మాట అన్నందుకని తర్వాత చెప్పుకున్నాడు గానీ, అది భయంతో వేసిన దెబ్బ.

తువ్వాలు జారింది. ఎడమ చెంప కాలిన తోలులా ముడుచుకుపోయి ఉంది. ఎవరో కుష్టు అన్నారు. అందరూ వెనక్కి జరిగారు. చేత్తో తాకడానికి భయపడి, కట్టెతో పొడుచుకుంటూ బస్సు దాకా తోలారు.

పోతూ పోతూ ఆయన శాంతమ్మ వైపు తిరిగాడు.

"మొగుణ్ణి దించేముందు కోడిని దించమ్మా."

భీమప్ప ఇంకో లాంతరుకు ఇంటికి పోయాడు. ఈలోగా శాంతమ్మ ఎవరినీ అడగలేదు. తన పెట్టను పట్టుకొచ్చి, బుట్టలో పెట్టి, తాడు కట్టి గుంతలోకి దించింది. కోడిని పాడు చేస్తావా అని రంగన్న కసిరాడు. ఆమె వినలేదు.

ముందు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వచ్చింది.

తర్వాత రాలేదు.

పైకి లాగితే, కోడి మెడ బుట్ట బయటికి వేలాడుతోంది.

అప్పుడే భీమప్ప వెలిగించిన లాంతరుతో వాకిట్లోకి వచ్చాడు. శాంతమ్మ అడ్డం పోయి నిలబడింది.

"ఆడనే ఆర్పు మామా."

గట్టిగా కూడా అనలేదు. భీమప్ప బుట్టలోకి చూశాడు. ఆర్పాడు.

రంగన్న మోకు విప్పి రోడ్డు మీదికి పరుగెత్తేసరికి బస్సు దుమ్ము కూడా అణిగిపోయింది.

వారం రోజులు గుంతను తెరిచే ఉంచారు. ఆ దరిదాపుల్లో బీడీ ముట్టించనివ్వలేదు. ఎనిమిదో రోజు దించిన కోడి అరుచుకుంటూ పైకి వచ్చింది. రంగన్న దిగాడు, మడ్డి తోడాడు, తన కాళ్ల మీద తాను పైకి వచ్చాడు. నెల తిరిగేసరికి నాలుగు పొయ్యిలూ నీలంగా మండాయి.

అందరికీ వేడి అన్నం దొరికాక, ఊరికి ముసలాయన గుర్తొచ్చాడు.

రంగన్న ఒక పెట్టను చంకలో పెట్టుకుని ఆదోని బస్సెక్కాడు. ఆయన పేరు తెలియదు. గుంతల సంగతి తెలిసినవాడైతే హబీబుల్లా సాయిబుకు తెలియకుండా ఉండడని భీమప్ప ఆ ఇంటి గుర్తులు చెప్పి పంపాడు.

తలుపు తీసింది హబీబుల్లా భార్య జైతూన్ బీ. ఆమె వెనక గోడకు గాజు లేని లాంతరు వేలాడుతోంది, రేకంతా నల్లగా నలిగిపోయి.

చెంప కాలిన పెద్దాయన కోసం వచ్చానని రంగన్న చెప్పాడు. ఆమె కోడి వైపు చూసింది.

"కోడి తెచ్చినోళ్లలో నువ్వు ఆరోవాడివి నాయనా. ఎమ్మిగనూరు పక్కన యాడో గుంత తెరుస్తాండారని తెలిసి పొద్దున్నే పోయినాడు."

"ఎవరమ్మా?"

"నువ్వు అడిగినాయనే. మా ఆయన."

రంగన్న కుడిచేతిని పంచెకు తుడుచుకున్నాడు. ఆ ముఖం ఎట్లా కాలిందని అడిగాడు.

జైతూన్ బీ లాంతరు వైపు చూసింది.

"రెండేండ్ల కింద ఇట్లాంటి గుంతలోకే ఆయన దీన్ని దించినాడు," అంది. "ఆరిందా, మండుతాందా అని వంగి చూసింది మా ఒక్కగానొక్క బిడ్డ జిలాని."