కళ్ళు మూసుకుని చూసిన పరుగు

“కాలు మెలిక పడితే? మోకాలు పగిలితే? వెనకొచ్చే పిల్ల నీ మీద పడితే?”

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి అడుగుతూనే ఉంది. కూతురు బూట్ల లేసులు బిగించుకుంటూ వింటూనే ఉంది.

“అమ్మా, ఒక్క మాట. నువ్వు ఇవాళ గ్రౌండుకి రావద్దు.”

“రానులే.”

“ఒట్టు?”

“పోనీ, వచ్చినా అరవను.”

కూతురు తల పట్టుకుంది.

కిందటి పోటీలో జరిగింది అదే. రిలే పరుగులో చివరి వంతు ఈ పిల్లది. వెనక నుంచి వచ్చే అమ్మాయి “పట్టు” అనగానే, తల తిప్పకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచి బ్యాటన్ అందుకోవాలి. సరిగ్గా ఆ క్షణాన మెట్ల మీద నుంచి “జాగ్రత్త తల్లీ!” అని కేక వినిపించింది. పిల్ల తల తిప్పింది. బ్యాటన్ నేలపాలైంది. జట్టు ఓడిపోయింది.

అప్పటి నుంచి బడిలో ఆ తల్లి పేరు ‘సైరన్ ఆంటీ’.

“ఈసారి కూడా పడేశావంటే నీ బదులు ఇంకో అమ్మాయిని తీసుకుంటాను. పెద్ద పోటీలకు వెళ్ళే జట్టును ఆ రోజే ఖాయం చేస్తాను” అన్నారు ఆటల మాస్టారు.

ఆ మాట చెప్పి పిల్ల దిండులో ముఖం దాచుకుని ఏడ్చింది. అయినా తల్లి బయల్దేరింది. ఇంట్లో కూర్చుంటే వచ్చే ఊహలు ఇంకా ఘోరంగా ఉంటాయి మరి.

ఊరి చివర ప్రభుత్వ హైస్కూలు. నేల మీద సున్నంతో కొత్తగా గీసిన గీతలు. సిమెంటు మెట్ల నిండా జనం. తల్లి ముఖానికి గొడుగు అడ్డం పెట్టుకుని చివరి వరస దాకా ఎక్కింది.

ఒకావిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

“కూర్చోండి వదినగారూ. చివరి వంతు అమ్మాయి వాళ్ళమ్మగారు కదూ మీరు?”

తల్లి గొడుగును ఇంకాస్త కిందికి దించుకుంది. “మీకెలా తెలుసు?”

“కిందటిసారి మీ గొంతు విన్నాను. నేనే కాదు లెండి, గ్రౌండంతా విన్నది.”

వెక్కిరిస్తోందా? తల్లి ముఖం గంటు పెట్టుకుంది.

“మీ అమ్మాయి కూడా పరుగెత్తుతోందా?” అని అడిగింది.

“ఇవాళ లేదండీ.”

“అదృష్టవంతులు. అందుకే ఇంత నిబ్బరంగా ఉన్నారు. కన్నపిల్ల అక్కడ నిలబడితే తెలిసేది.”

“అదీ నిజమే” అని నవ్వేసింది ఆవిడ.

ఈల మోగింది. పిల్లలు ఎవరి చోట్లకు వాళ్ళు వెళ్ళారు. తల్లి మెడ చాచి చూసింది.

“అమ్మో, ఆ పక్క బడి పిల్లను చూడండి, తాడిచెట్టులా ఎలా ఉందో! తగిలిందంటే మాదాని పళ్ళు రాలిపోవూ?”

“మీరు కళ్ళు మూసుకోండి.”

“ఆఁ?”

“మూసుకోండి. నేను చూసి చెబుతాను. అరవాలనిపిస్తే నా చెయ్యి నలిపేయండి. నోరు మాత్రం తెరవకండి.”

“మధ్యలో మీరెవరండీ నాకు చెప్పడానికి?”

“తర్వాత కోప్పడుదురు గానీ, ముందు చెయ్యివ్వండి.”

ఆ గొంతులో ఏముందో, తల్లి చెయ్యిచ్చి కళ్ళు మూసుకుంది.

తుపాకీ టప్పుమంది.

“మొదటి అమ్మాయి బయల్దేరింది. బాగుంది. రెండో అమ్మాయి అందుకుంది. కాస్త వెనకబడ్డాం, ఫర్వాలేదు.”

“మాది?”

“నిలబడే ఉంది. ముందుకే చూస్తోంది. మూడో అమ్మాయి వచ్చేస్తోంది. ఊపిరి తీసుకోండి వదినా.”

కేక గొంతు దాకా వచ్చింది. తల్లి పళ్ళ బిగువున దాన్ని మింగి, ఆవిడ చేతిని శక్తికొద్దీ నలిపేసింది. ఆవిడ అబ్బా అని కూడా అనలేదు. కానీ మాట ఆగిపోయింది.

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. “చెప్పరేమండీ? పడేసిందా?” అంది పెదవి కదిలీ కదలకుండా.

“అందుకుంది” అంది ఆవిడ. గొంతు కొద్దిగా బొంగురుపోయింది. “గట్టిగా పట్టుకుంది. పరుగెత్తుతోంది. ఇక కళ్ళు తెరిచి, ఎంత అరుస్తారో అరవండి.”

తల్లి కళ్ళు తెరిచేసరికి కూతురు అందరికంటే ముందు గీత దాటుతోంది. ఆ తల్లి పెట్టిన కేకకు ముందు వరసల వాళ్ళు చెవులు మూసుకున్నారు.

తేరుకుని చూస్తే ఆవిడ చేతి మీద గోళ్ళు దిగిన గాట్లు.

“అయ్యో, ఎంత పని చేశాను!”

“మానిపోతాయి లెండి. వెళ్ళొస్తాను, మా పిల్ల కింద ఒక్కతే ఉంది” అంటూ ఆవిడ గబగబా మెట్లు దిగిపోయింది. ఎవరో ఏమిటో అడగాలని తల్లికి తోచనే లేదు.

ఇంటికి నడుస్తుంటే కూతురి కాళ్ళు నేల మీద లేవు.

“నువ్వు రాలేదనే అనుకున్నానమ్మా. గీత దాటాక వినపడింది సైరన్!”

“మోకాళ్ళు బాగానే ఉన్నాయా?”

“బాగున్నాయమ్మా. జట్టులో నా పేరు కూడా ఖాయం చేసేశారు.”

తల్లి రోడ్డు మీదే కూతుర్ని దగ్గరికి తీసుకుంది. చాలా రోజులకు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

“అంతా ఆవిడ చలవే. నా పక్కన కూర్చున్నావిడ, చూశావా? నా నోరు కట్టేసింది మహాతల్లి. నేనేమో, మీ పిల్ల పరుగెత్తడం లేదుగా మీకేం అని ఎత్తిపొడిచాను. ఎవరే ఆవిడ?”

కూతురి నవ్వు ఆగిపోయింది. మందుల షాపు దాటారు. పిండిమర దాటారు. వీధి మలుపు తిరిగారు.

“నిన్నేనే, ఎవరావిడ?”

ఇంటి గేటు దాకా వచ్చాక కూతురు నోరు విప్పింది.

“నేను బ్యాటన్ పడేస్తే నా బదులు పెద్ద పోటీలకు వెళ్ళే అక్క ఉంది కదమ్మా, వాళ్ళమ్మ.”