తల దాచుకోవడానికి

విగ్గు ఆదివారానికల్లా కావాలని లెక్కల మాస్టారు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

సోమవారం కొత్త బడిలో చేరాలి. అక్కడ అతన్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటిరోజే నిండు జుట్టుతో గుమ్మం దాటితే ఇక జన్మలో ఎవరికీ తెలియదు. ఒక్కరోజు బట్టతలతో కనబడ్డాడా, ఆ తర్వాత ఎంత మంచి విగ్గు పెట్టుకున్నా నవ్వులపాలే.

ఇల్లు లేనివాళ్లు తల దాచుకోవడానికి చోటు వెతుక్కుంటారు. ఈయనగారికి అద్దెదైనా ఇల్లుంది. దాచుకోవాల్సింది తలే.

పాత బడిలో పిల్లలు అతనికి పెట్టిన పేరు గుండుసున్నా. లెక్కలు చెప్పేవాడు, పైగా ముప్పై నిండకుండానే నడినెత్తి నున్నబడ్డవాడు, ఇంతకన్నా అతికినట్టుండే పేరు ఎక్కడ దొరుకుతుంది? పేరు పెట్టిన వెధవకి లెక్కల్లో వచ్చేదీ అదే అనుకోండి. బడిలో పుట్టిన పేరు వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చింది. అక్క కూతురు కూడా సున్నా మామయ్యా అని పిలిచిన రోజున అతను బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు.

విగ్గులాయన దుకాణం మేడమెట్ల కింద ఇరుకు గది. కొయ్యతలకు పలచటి వల తొడిగి, సన్నని కొక్కెపు సూదితో ఒక్కో వెంట్రుకా ముడివేస్తూ కూర్చుంటాడు. పెద్దవయసు మనిషి, మాట మెత్తన. కొలత తీసుకుంటూ మాస్టారి తలను అటూ ఇటూ తిప్పి చూసి, చక్కని తల బాబూ, ఒక్క సొట్ట లేదన్నాడు. మాస్టారికి పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆదివారం వెళ్తే విగ్గు ఇంకా కాలేదన్నాడు.

"రేపిస్తాను బాబూ."

"రేపు పొద్దున్నే కదండీ నా బడి."

"సాయంత్రం రండి."

మాస్టారు నోటికొచ్చినట్టు తిట్టాడు. మాట నిలబెట్టుకోలేనివాడికి వ్యాపారమెందుకన్నాడు. తలనిండా జుట్టున్నవాడికి ఎదుటివాడి మంట ఏం తెలుస్తుందని కూడా అనేశాడు. విగ్గులాయన తలెత్తలేదు. సూది నుంచి జారిన వెంట్రుకను మళ్లీ పట్టుకుని పని చేసుకుంటూ కూర్చున్నాడు.

సోమవారం మాస్టారు ఉన్న తలతోనే బడికి వెళ్లాడు.

క్లాసులో అడుగుపెట్టగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు బెంచీ దాకా పాకింది. మరో రోజైతే అతను బోర్డు వైపు తిరిగిపోయేవాడు. ఆ పూట ఒళ్లంతా విగ్గులాయన మీది కోపమే, సిగ్గుపడటానికి చోటు మిగల్లేదు. సుద్దముక్క తీసుకుని పిల్లల వైపు తిరిగాడు.

"పాత బడిలో నన్ను గుండుసున్నా అనేవాళ్లు. అది పాతబడిపోయింది. చేతనైతే ఇంకా మంచి పేరు పెట్టండి, నచ్చితే ఉంచుకుంటాను."

క్లాసు ఒక్క క్షణం బిక్కమొహం వేసి, ఆ తర్వాత విరగబడి నవ్వింది. వాళ్లతోపాటు తనూ నవ్వుతున్నానని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ వారమంతా పిల్లలు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. పున్నమి చంద్రుడన్నారు, బల్బన్నారు, పుచ్చకాయన్నారు. పాతదానికి ఏదీ సాటిరాలేదని మాస్టారే అన్నిటినీ కొట్టిపారేశాడు. చివరికి విసుగొచ్చి లెక్కల మాస్టారు అనడం మొదలుపెట్టారు.

గోడవతల పాఠం చెబుతున్న సైన్సు టీచరు ఆ నవ్వులు విని, టీ వేళకి తనే పలకరించింది. కొన్నాళ్లకు ఒకరి కోసం ఒకరు టీ చల్లారబెట్టుకుని కూర్చునే దాకా వచ్చింది వ్యవహారం. ఏం చూసి నచ్చానని ఓరోజు అతను ధైర్యం చేసి అడిగాడు. దాపరికం లేని మనిషివని అంది. మాస్టారికి టీ గొంతుకడ్డం పడింది.

మొదట్లో విగ్గు కోసం తిరుగుతూనే ఉన్నాడు. కొత్త బడిలో పెట్టుకోలేకపోయినా పెళ్లిళ్లకూ పేరంటాలకూ పనికొస్తుందనుకున్నాడు. ఎప్పుడు వెళ్లినా నేడు పోయి రేపు రా అన్న మాటే. పోనుపోను వెళ్లడం మానేశాడు. అసలు ఆ సంగతే మరిచిపోయాడు.

పెళ్లి కుదిరాక మళ్లీ గుర్తొచ్చాడు విగ్గులాయన. మీ విగ్గు మీరే ఉంచుకోండి, అది లేకుండానే నాకు పెళ్లవుతోందని దెప్పి, పనిలో పనిగా పెళ్లికి పిలిచి రావాలని బయలుదేరాడు.

దుకాణంలో ఆయన లేడు. ఒక పెద్దావిడ కొయ్యతలల్ని గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుతోంది. తను ఆయన భార్యనని, ఆయన పోయి నెల దాటిందని చెప్పింది.

శుభలేఖ మాస్టారి చేతిలోనే ఉండిపోయింది. ఆయన్ని తిట్టిన తిట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆవిడ అతని తలవైపు చూసి, కొత్త బడి మాస్టారు మీరే కదూ అంటూ అలమారలోంచి పొట్లం తీసిచ్చింది. లోపల విగ్గు, నల్లగా నిగనిగలాడుతూ, తీర్చిన పాపిడితో సహా ఉంది.

"ఇదెప్పుడు పూర్తయిందమ్మా?"

"మీరు కొత్త బడిలో చేరకముందే అయిపోయింది బాబూ."

"నేను ఆదివారం వచ్చానే. ఇంకా కుడుతూనే ఉన్నారే."

"అప్పుడు కుట్టేది ఇంకెవరిదో. జబ్బుచేసి జుట్టు పోయినవాళ్లకైతే ఒక్కపూట ఆలస్యం చేసేవారు కాదు. మీలాంటి కుర్రాళ్లొస్తే మాత్రం రేపు రేపంటూ తిప్పేవారు. గొడవపడి ఎవరైనా పట్టుకుపోతే ఆ పూట ముద్ద సరిగా దిగేది కాదు ఆయనకి."

"ఎందుకమ్మా అలాగ?"

ఆవిడ చేతిలో ఉన్న కొయ్యతలను పెట్టెలో పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నాకు తెలియకూడదని మా పెళ్లినాడు పెట్టుకున్నారు బాబూ విగ్గు. నాకు తెలుసని నేను చెప్పలేకపోయాను, పోయేదాకా నా ముందు దాన్ని ఆయన తీయలేకపోయారు."