పూజలో పెట్టిన ప్రోగ్రాం

1968 మహానవమి పొద్దున కదిరమ్మ సరస్వతీపూజలో కొడుకు పుస్తకాలతోపాటు, వాడి కంప్యూటర్ కోర్సు ప్రాజెక్టు ప్రోగ్రాంను చిల్లులుగా కొట్టించిన కార్డుల కట్టనూ పెట్టేసింది.

“అమ్మా, అవి ఈ పొద్దే మిషనుకు ఇయ్యాల. లేకుంటే ఫెయిలైతాను,” అన్నాడు గిరియప్ప.

“పూజలో ఉండాది నాయనా. రేపటిదాకా ముట్టినావంటే చదువు మట్టిలో కలుస్తాది.”

అయ్యలారా, దేవత ఎదుటి సొత్తు దొంగిలించినవాణ్ణి ఏ శాస్త్రం క్షమిస్తుంది? తల్లి వంటింట్లోకి పోగానే వాడు కట్ట చంకన పెట్టుకుని కాలేజీకి పరుగెత్తాడు.

అక్కడ కంప్యూటరు మెడలో బంతిపూల దండ. మేష్టరు హారతి ఇస్తున్నాడు.

“ఆయుధపూజప్పా. రేపటిదాకా మిషను ముట్టేది లేదు. గడువు పెంచినాను. అవునూ, ఈ కార్డులు ఇంట్లో పూజకు పెట్టలేదా?”

“పెట్టినాము సార్.”

“పెట్టి తీసినావా? పది మార్కులు కోసేస్తా, పో.”