కిటికీ కింద చోటు

“పెద్దమ్మా, లేవండి. కాసేపు వెనక షెడ్డులో కూర్చుందురుగాని,” అంది హెడ్ నర్సు, చాప అంచు పట్టుకుని.

“నేను కదలనమ్మా. మా అబ్బాయి వస్తాడు. ఈ కిటికీ కిందే ఉండమన్నాడు,” అంది పెద్దావిడ ఆయాసపడుతూ.

నర్సుకు ఒళ్లు మండింది. తల్లిని సర్కారు ఆసుపత్రిలో నేల మీద పడేసిపోయిన పుణ్యాత్ముడికి, చోటు కూడా ఇదే కావాలట!

“వస్తే నేను చూపిస్తాలెండి. కొత్త మంచాలకు నిధులిచ్చే కమిటీ వస్తోంది. మిమ్మల్నిలా చూస్తే మా పరువు బజారున పడుతుందని సూపరింటెండెంటుగారి భయం.”

“కమిటీయా? అయితే అసలు కదలను.”

తమాషా చూద్దామని కాబోలు! మొండిఘటం. నర్సు సైగ చేసింది. ఇద్దరు ఆయాలు ఆవిణ్ణి చక్రాల కుర్చీలోకి ఎత్తారు. ఆవిడ అరవలేదు, చూసిందంతే. నర్సు ఆ చూపు తప్పించుకుంది.

నేల మీద వాళ్లంతా షెడ్డుకు పోయారు. గచ్చు కడిగారు. మంచానికి ఒక్కరే మిగిలారు. పైన పటారం, లోన లొటారం.

కమిటీ ఛైర్మన్ వార్డు చూసి ముచ్చటపడ్డాడు. వెంట వచ్చిన ఆరోగ్యశాఖ అధికారి మాత్రం మంచం మంచానికీ ఆగి ముఖాలు చూశాడు. చివరికి తడి గచ్చు మీద నిలబడిపోయాడు.

“సిస్టర్, నేల మీద ఎవరూ లేరా?”

వెనకే ఉన్న సూపరింటెండెంటు నర్సు వంక గుడ్లురిమాడు.

“లేరండి,” అంది నర్సు.

“భయపడకండి. నిజం చెప్పండి.”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. “మా దగ్గర ఆ పద్ధతే లేదండి,” అంది నర్సు. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

ఛైర్మన్ అధికారి వైపు తిరిగి నవ్వాడు. “మంచాల్లేవని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు కదయ్యా మీరు! అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు వద్దంటుంటే మనమేం చేస్తాం? ఆ డబ్బు వేరే ఊరికిచ్చేద్దాం.”

అధికారి ఆయన్ని కారెక్కించడానికి తల దించుకుని వెళ్లాడు.

నర్సుకు తల కొట్టేసినట్టయింది. షెడ్డుకు పరుగెత్తింది. రేకుల వేడికి పెద్దావిడ చెమటలు కక్కుతోంది.

“క్షమించండి పెద్దమ్మా. మిమ్మల్ని దాచి మా మంచాలు మేమే పోగొట్టుకున్నాం. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నన్ను చూపించే మీకు మంచాలు ఇప్పిస్తానన్నాడమ్మా, మా ఆఫీసరబ్బాయి.”